పీఎన్‌జీ తిప్పితే మూలలు నల్లగా వస్తున్నాయా? పిల్లోనా, ఓపెన్‌సీవీనా, ఏది మేలు?

సంక్రాంతి గ్రీటింగ్ కోసం గాలిపటం పీఎన్‌జీ ఒకటి తీసుకుని పైథాన్‌లో 30 డిగ్రీలు తిప్పా, తీరా బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే గాలిపటం చుట్టూ నల్ల డబ్బా. కారణం చిన్నదే. బొమ్మ వాలినప్పుడు మూలల్లో కొత్తగా ఖాళీ వస్తుంది, దాన్ని లైబ్రరీ (పిల్లో, ఓపెన్‌సీవీ రెండూ పైథాన్‌లో బొమ్మలతో పనిచేసే లైబ్రరీలే) సున్నాలతో నింపేస్తుంది, ఆల్ఫా చానెల్, అంటే పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే సంఖ్యల పొర, ఉంటే ఆ సున్నా అంటే పారదర్శకం, లేకపోతే అదే సున్నా నలుపు.

ఓపెన్‌సీవీలో మొదటి దెబ్బ ఫైల్ తెరిచేటప్పుడే తగులుతుంది. ఫైల్ తెరిచే ఫంక్షన్ ఐఎంరీడ్‌కి ఏమీ చెప్పకపోతే ఆల్ఫాని పక్కన పడేసి మూడు రంగుల చానెల్సే ఇస్తుంది, ఐఎంరీడ్_అన్‌చేంజ్‌డ్ అని కచ్చితంగా రాయాలి. తర్వాత ఎంత తిప్పాలో చెప్పే రొటేషన్ మ్యాట్రిక్స్, దాంతో బొమ్మని తిప్పే వార్ప్ఎఫైన్ ఫంక్షన్, మూలలు తెగిపోకుండా కొత్త వెడల్పు ఎత్తు లెక్క, అన్నీ మనమే చూసుకోవాలి (400 బై 400 బొమ్మ 45 డిగ్రీలు తిరిగితే దాదాపు 566 బై 566 కావాలి). ఇదంతా చేసినా గాలిపటం అంచు వెంట సన్నటి నల్ల గీత మిగిలింది, నన్ను ఎక్కువసేపు తిప్పలు పెట్టింది ఇదే. పారదర్శకమైన పిక్సెల్స్ లోపల కూడా ఏదో ఒక రంగు దాక్కుని ఉంటుంది, చాలాసార్లు నలుపే, ఇంటర్‌పొలేషన్ (పక్క పిక్సెల్స్ కలిపి కొత్త పిక్సెల్ రంగు లెక్కకట్టడం) చేసేటప్పుడు ఆ నలుపు పక్క పిక్సెల్ రంగులో కలిసిపోతుంది. పోవాలంటే తిప్పేముందు రంగుల్ని ఆల్ఫాతో గుణించి, తిప్పాక మళ్ళీ భాగించాలి.

పిల్లోలో ఈ గుణకారం, భాగహారం లోపలే జరిగిపోతాయి. ఇంటర్‌పొలేషన్ పద్ధతిగా బైలీనియర్ గానీ బైక్యూబిక్ గానీ ఇస్తే ఆర్‌జీబీఏ (మూడు రంగులు, ఆల్ఫా) బొమ్మని అదే ప్రీమల్టిప్లై, అంటే ఆల్ఫాతో గుణకారం, చేసి తిప్పి వెనక్కి మార్చి ఇస్తుంది. రొటేట్‌లో ఎక్స్‌పాండ్ ట్రూ పెడితే సైజు లెక్క కూడా అదే చూసుకుంటుంది. మనం గుర్తు పెట్టుకోవాల్సింది ముందుగా కన్వర్ట్‌తో ఆర్‌జీబీఏలోకి మార్చడం, ఎందుకంటే కొన్ని పీఎన్‌జీలు ప్యాలెట్ మోడ్‌లో ఉంటాయి (పిక్సెల్‌లో రంగు బదులు రంగుల పట్టికలోని నంబర్ ఉంటుంది), వాటికి బైక్యూబిక్ అడిగినా పిల్లో నియరెస్ట్‌తోనే, అంటే దగ్గరి పిక్సెల్‌ని అలాగే తీసుకుని, తిప్పుతుంది, అంచులు రంపం పళ్ళలా వస్తాయి. సేవ్ కూడా పీఎన్‌జీగానే, జేపెగ్‌లో ఆల్ఫాకి చోటే లేదు.

అందుకే లోగోలు, స్టిక్కర్లు, గ్రీటింగ్‌లకి నా ఓటు పిల్లోకే. వీడియో ఫ్రేములతో పని ఉండి, కోడ్ మొత్తం ముందే ఓపెన్‌సీవీలో ఉంటే దీనికోసం మార్చక్కర్లేదు, ఆ గుణకారం ఒక్కటి మర్చిపోకండి. సరిగ్గా 90, 180 డిగ్రీలైతే రెండిట్లో ఏదైనా ఒకటే, పిక్సెల్స్ స్థానాలు మారతాయి అంతే, రంగులు కలవవు.

ఏది వాడినా తిప్పిన బొమ్మని ఒకసారి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి జూమ్ చేసి చూడండి, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఆ గీత అస్సలు కనపడదు.