బోర్డోలో వగరు విడిచిన వైన్

పారిస్‌లో రైలెక్కిన రెండు గంటలకు, ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరున్న నగరం బోర్డోలో దిగాం. నాలుగు రాత్రుల్లో రెండు నగరంలో, రెండు దగ్గర్లోని ద్రాక్షతోటల ఊరు సెంట్ ఎమిలియాన్‌లో ఉన్నాం. మళ్లీ వెళితే నగరానికి ఒక్క రాత్రే ఇస్తాను.

నగరంలో 2016లో తెరిచిన వైన్ ప్రదర్శనశాల ‘సితే దు వాన్’ తప్పక చూడాలి. ట్రామ్ దాని ముందే ఆగుతుంది. టికెట్టు ధరలోనే పై అంతస్తులో ఒక గ్లాసు వైన్ ఇస్తారు. అక్కడి నుంచి గారోన్ నది వంపు తిరగడం చూడవచ్చు.

బోర్డో దగ్గరి ద్రాక్షతోటల ప్రాంతం మెడాక్‌లోనే మోసపోయాం. తప్పు ఆ నేలది కాదు, మేము ఎక్కిన యాత్రా బస్సుది. 1855 నాటి బోర్డో వైన్ల వర్గీకరణలో మొదటి శ్రేణి పొందిన లాఫిట్, లాతూర్ వైన్ తోటల బయట ఫొటోలకు పది నిమిషాలిచ్చి, ఒక దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టారు. తోటలవాళ్లకు ముందే రాసి సమయం ఖరారు చేసుకుని, సొంతంగా కారులో వెళ్లడమే మంచిది.

సెంట్ ఎమిలియాన్‌కు రైలులో ముప్పావు గంట లోపే. స్టేషన్ నుంచి ఊరికి ద్రాక్షతోటల మధ్య కిలోమీటరున్నర నడక. వీధులు రాళ్లు పరిచిన నిటారైన ఎక్కుళ్లు, పెద్ద పెట్టెలు తేవద్దు. మేము దిగిన రాతి ఇంట్లో గది చిన్నదే అయినా, కిటికీ తెరిస్తే తోటలే. ఇంటావిడ పొరుగున ఉన్న చిన్న తోట యజమానికి ఫోను చేసి మమ్మల్ని పంపింది. యాత్ర మొత్తంలో నాకు మిగిలింది ఆ మధ్యాహ్నమే.

సున్నపురాయి తొలిచిన నేలమాళిగ. బయట ఎండ, లోపల చలి. 225 లీటర్ల ఓక్ పీపాలోంచి ముందు కొత్త వైన్ పోశాడు. నేరేడు రసం రంగు, పచ్చి వక్క కొరికినట్టు చిగుళ్లు బిగుసుకుపోయే వగరు. ద్రాక్ష తొక్కలు, గింజలు, ఓక్ చెక్క నుంచి వచ్చే టానిన్లు అనే పదార్థాలే ఆ వగరుకు మూలం. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ కలిసి బరువెక్కుతాయి; కొన్ని మడ్డిగా అడుగున చేరతాయి.

తరువాత 1998 సీసా తెచ్చాడు. మెడ కింద కొవ్వొత్తి పట్టుకుని, వెలుగులో మడ్డి జాడ కనబడేదాకా చెయ్యి కదలకుండా వంచి పోశాడు. గ్లాసు అంచున ఇటుక రంగు. వాసన చూస్తే చిన్నప్పుడు గోదావరి జిల్లాలో పొగాకు బ్యారన్ తలుపు తీసిన క్షణం గుర్తుకొచ్చింది. వెనకాలే తడి మట్టి, దేవదారు చెక్క. వగరు పోలేదు, పట్టులా మెత్తబడింది. ఎక్కువ వైన్లు కొన్నేళ్లలోనే తాగేయాల్సినవని, పులుపూ టానిన్లూ పండూ సమంగా కుదిరినవే ఇంతకాలం నిలుస్తాయని ఆయన చెప్పాడు.

ఒక సీసా కొనాలని చేతిలోకి తీసుకున్నాను. హైదరాబాద్ మే నెల ఎండలు, అల్మరాలో దాని గతి తలచుకుని తిరిగి పెట్టేశాను. ఇంకో గ్లాసు అక్కడే అడిగి తాగాను.