టోటల్ వరసలో సరైన శాతం: పవర్ బీఐ మెజర్లతో నా అనుభవం

పవర్ బీఐ (డేటా నుంచి రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) గురించి అందరికీ తెలిసిన సంగతులు వదిలేస్తాను. నేను దాన్ని పట్టుకుని ఉండటానికి కారణం ఒక్కటే: శాతానికి మెజర్ (రిపోర్టులో లెక్క వేసే ఫార్ములా) రాస్తే టోటల్ వరసలో కూడా సరైన శాతమే వస్తుంది.

మాది సరుకు పంపిణీ ఆఫీసు. నెలనెలా బ్రాంచీల వారీగా రిటర్న్స్ శాతం పంపాలి. పాత షీటులో బ్రాంచి బ్రాంచికీ శాతం కట్టి, అడుగున వాటి సగటు పెట్టేవారు. పెద్ద బ్రాంచి 1,000 కేసులు అమ్మి 20 వెనక్కి తీసుకుందనుకోండి, 2 శాతం. చిన్న బ్రాంచి 10 అమ్మితే 2 తిరిగొచ్చాయి, 20 శాతం. సగటు 11! అసలు 1,010లో 22 అంటే 2.2 శాతం కూడా లేదు. ఆ 11 పట్టుకుని చిన్న బ్రాంచి వాళ్లను మీటింగుల్లో ఎంతగా నిలదీశారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రిటర్న్స్ మొత్తాన్ని అమ్మకాల మొత్తంతో భాగిస్తూ డివైడ్ ఫంక్షన్‌తో మెజర్ రాసి పెట్టాను. "టోటల్ ఇంత తక్కువుందేంటి, ఎక్కడో తేడా కొట్టింది చూడండి" అన్నారు మా మేనేజరు గారు. క్యాలిక్యులేటర్ తీసుకుని ఆయనే వేసుకున్నారు. కాసేపాగి, "ఇదే కరెక్టండీ" అన్నారు. మెజర్ ముందే విలువ కట్టి దాచుకోదు. ప్రతి గడిలోనూ, టోటల్ గడిలో కూడా, అక్కడున్న ఫిల్టర్‌ని బట్టి మళ్లీ లెక్క వేస్తుంది. కాలిక్యులేటెడ్ కాలమ్ (టేబుల్లోనే ఫార్ములాతో చేర్చే కాలమ్) అలా కాదు. డేటా రిఫ్రెష్ అయినప్పుడు వరస వరసకీ శాతం కట్టేస్తుంది, ఆ తర్వాత టోటల్‌కి మిగిలేది వాటిని కూడటమో సగటు తీయడమో. ఒక్కసారి రాసిన మెజర్‌నే జిల్లాలకీ నెలలకీ సరుకు రకాలకీ మార్చకుండా వాడుతున్నాను.

డివైడ్ వల్ల ఇంకో మేలు, అమ్మకాలే లేని కొత్త బ్రాంచి దగ్గర సున్నాతో భాగించాల్సి వచ్చినా ఇన్ఫినిటీ అని రాదు, ఖాళీగా ఉంటుంది. ఖాళీకి బదులు సున్నా కనబడేలా డివైడ్‌కి మూడో ఆర్గ్యుమెంటుగా (మూడో విలువగా) సున్నా ఇవ్వమని కొందరంటారు, నేనివ్వను. అమ్మకాలే లేకపోవడం, రిటర్న్స్ లేకపోవడం ఒకటి కాదు. పైగా సున్నా ఇస్తే ఏమీ అమ్మని బ్రాంచీలన్నీ రిపోర్టులోకి వచ్చి కూర్చుంటాయి.

మొత్తంలో వాటా చూపే శాతాలు మాత్రం ఇంత సాఫీ కాదు. ఫిల్టర్లను పక్కనపెట్టే ఆల్ (ALL) ఫంక్షన్ వాడితే స్లైసర్‌లో (రిపోర్టు మీద ఫిల్టర్ ఎంచుకునే పెట్టెలో) రెండు జిల్లాలే ఎంచుకున్నా భాగహారం రాష్ట్రమంతటి మీదే జరుగుతుంది. ఎంచుకున్నవాటి మీదే కావాలంటే ఆల్‌సెలెక్టెడ్ పెట్టాలి. నెలల పేర్లను నెల నంబరుతో సార్ట్ చేసి ఉంటే మరో చిక్కు. పేరు కాలమ్ మీద మాత్రమే ఆల్ పెడితే నంబరు కాలమ్ ఫిల్టర్ అలాగే నిలుస్తుంది, ప్రతి నెలా 100 శాతమే కనబడుతుంది. రెండు కాలమ్‌లూ ఇస్తేనే లెక్క కుదురుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది తట్టడం కష్టం.

ఒకే షీటు, రెండు మొత్తాలే ఉంటే ఎక్సెల్ పివట్‌లోని కాలిక్యులేటెడ్ ఫీల్డ్ కూడా మొత్తాలనే భాగిస్తుంది, అది చాలు. మాకు అమ్మకాలు, రిటర్న్స్, బ్రాంచీలు, తేదీలు వేరువేరు టేబుళ్లు. అడిగేవాళ్లు పూటకో కోణం అడుగుతారు. అందుకే నాకిది నప్పింది. ఆఫీసులో డ్యాక్స్ (మెజర్లు రాసే ఫార్ములా భాష) మీద కాస్త కూర్చునే మనిషి ఒక్కరైనా లేకపోతే మాత్రం, వాటా శాతాల జోలికి అప్పుడే వెళ్లమని చెప్పను.