లేసుల చీలమండ బ్రేస్: ఒక శీతాకాలమంతా వాడిన తరువాత

స్కీయింగ్‌కు వెళ్లేవారు ముందుగా మోకాళ్ల గురించి ఆలోచిస్తారు, అందులో తప్పు లేదు. గట్టి ప్లాస్టిక్ బూట్లు, బూటును స్కీ పలకకు బిగించి పడినప్పుడు కాలిని విడిచిపెట్టే బైండింగులు మెరుగుపడుతూ వచ్చిన కొద్దీ మోకాలి కింది ఎముక విరగడం బాగా తగ్గింది గానీ, మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే ఏసీఎల్ అనే లిగమెంట్ (గట్టి పోగుల కట్టు) తెగడం మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. నాకు దెబ్బ తగిలింది మాత్రం వాలు మీద కాదు. రోజంతా క్షేమంగా జారి, బరువైన బూట్లు విప్పి, మామూలు బూట్లు తొడుక్కుని బయటికి వచ్చినప్పుడు, మంచు గడ్డకట్టిన రెండో మెట్టు మీద కుడి పాదం లోపలికి మడత పడింది. స్కీ బూటు రోజంతా చీలమండను కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అది విప్పిన తరువాతి మొదటి పది నిమిషాల్లో, అలసిన కాళ్లతో నడిచేటప్పుడు, ఆ కాపలా ఉండదు. నేను సమీక్షిస్తున్న ఈ లేసుల బ్రేస్, అంటే చీలమండ చుట్టూ తొడిగి బిగించుకునే ఆసరా, సరిగ్గా ఆ పది నిమిషాల కోసమే కొనదగినదని నా అభిప్రాయం.

బ్రేస్ సంగతికి ముందు ఒక్క మాట చెప్పాలి. బెణికిన ప్రతి కాలికీ బ్రేస్ మందు కాదు. 1992లో కెనడాలోని ఒట్టావాలో వైద్యులు రూపొందించిన నియమాలు ఇప్పటికీ అక్కరకు వస్తాయి: చీలమండ నొప్పితో పాటు, దెబ్బ తగిలిన వెంటనే, వైద్యుడు చూసే సమయంలో, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా ఉండే ఎముక గుబ్బల కొసన లేదా వెనుక అంచున నొక్కితే నొప్పి పుట్టినా, ఎక్స్‌రే తీయించాలి. పాదం మధ్య భాగంలో నొప్పి ఉంటే చూడవలసిన చోట్లు వేరే ఉన్నాయి. స్నోబోర్డ్ చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చీలమండ ఎముక బయటి అంచు చిట్లితే అది అచ్చం బెణుకులాగే ఉంటుంది, మామూలు ఎక్స్‌రేలో కనబడకుండా పోవడమూ ఉంది. వారాలు గడిచినా బయటి వైపు నొప్పి వదలకపోతే బ్రేస్ బిగించుకుని తిరగకుండా, స్కాన్ గురించి వైద్యుణ్ణి అడగాలి.

నా కాలికి ఎముక విరగలేదు. మొదట చూసిన చోట క్రేప్ బ్యాండేజ్ చుట్టి, మూడు వారాలు కాలు కింద పెట్టవద్దని చెప్పి పంపించారు, వ్యాయామం గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అన్న నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తరువాత తానే రాశారు. నొప్పి తగ్గడానికి గుడ్డ అడ్డం పెట్టి పది, పదిహేను నిమిషాలు ఐసు పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ తెగని లిగమెంట్ పోగులు మళ్లీ బలం పుంజుకోవాలంటే కొద్దికొద్దిగా బరువు మోపుతూ నడవాలి. ఆ నడకలో పాదం మళ్లీ లోపలికి మడత పడకుండా చూడడమే బ్రేస్ పని. క్రేప్ బ్యాండేజ్ వాపును కాస్త అదిమి పెట్టగలదు తప్ప ఆ పని చేయలేదు.

నేను వాడింది నైలాన్ గుడ్డతో కుట్టిన రకం. ముందు వైపు బూటుకు ఉన్నట్టే లేసులు, వాటి మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే రెండు పట్టీలు, పైన అన్నింటినీ కప్పే సాగే పట్టా ఉంటాయి. రెండింటిలో ముఖ్యమైనది అరికాలి కింద నుంచి వచ్చి బయటి వైపున పైకి లాగే పట్టీ, ఎందుకంటే పాదం లోపలికి తిరగకుండా ఆపేది అదే. మొదటి వారం దీన్ని కుర్చీలో కూర్చుని, పాదం వేలాడుతుండగా బిగించుకునేదాన్ని; లేచి నిలబడగానే వదులైపోయేది. మడమను నేలకు గట్టిగా ఆనించి, పాదాన్ని పిక్కకు లంబంగా ఉంచి, కింది లేసుల నుంచి పైకి ఒక్కొక్క వరుసా బిగిస్తూ వస్తే రోజంతా కదలలేదు. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే వదులు చేయాలి.

లోపాలు లేకపోలేదు. అమ్మినవారు బూటు నంబరు ఒక్కటే అడిగి సైజు ఇచ్చారు, అది పెద్దదైంది. చీలమండ చుట్టుకొలత టేపుతో కొలిచి మార్పించుకోవలసి వచ్చింది. వెల్క్రోలో మంచు పొడి చేరితే సాయంత్రానికి పట్టు సడలుతుంది. తడిసిన గుడ్డ చలిలో చర్మానికి ఆనుకుని ఉండడం మంచిది కాదు కనుక మేజోడు మీదే తొడుక్కోవాలి, వీలైతే మార్చుకోవడానికి రెండోది దగ్గర ఉంచుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యంగా, స్కీ బూటులో దీన్ని ఇరికించకూడదు. ఆ బూటు పాదానికి అంగుళమైనా ఖాళీ లేకుండా అమరేది. లోపల లేసులూ పట్టీలూ చేరితే అవి ఒరుసుకుని గాయం చేస్తాయి, బూటు అమరికా చెడుతుంది. మెత్తటి స్నోబోర్డ్ బూటులో కొందరికి ఇది పట్టవచ్చు. మోకాలిని ఇది ఏ విధంగానూ కాపాడదు. అందుకు బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి బైండింగును తెలిసినవారి చేత సరిచేయించుకోవాలి.

నిత్యజీవితంలోనే దీని విలువ నాకు బాగా తెలిసింది. మెట్లు దిగేటప్పుడు, ఎగుడుదిగుడు బాట మీద, జారే నేల మీద చిన్న చిన్న అడుగులు వేస్తూ శరీరం బరువును ముందు పాదం మీదికి తెచ్చుకునేటప్పుడు, కాలికి ధైర్యం ఇచ్చింది. 2011లో అమెరికాలో ఉన్నత పాఠశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో లేసుల బ్రేస్ వాడినవారికి చీలమండ గాయాలు తగ్గాయి, కానీ తగిలిన గాయాల తీవ్రత తగ్గలేదు. కనుక బ్రేస్ ఉంది కదా అని దూకుడుగా నడవడం పొరపాటు.

బెణుకుతో లిగమెంట్ ఒక్కటే దెబ్బతినదు, పాదం ఏ కోణంలో ఉందో చూడకుండానే తెలిసే ఆ సహజజ్ఞానం కూడా మందగిస్తుంది. దాన్ని ఏ గుడ్డా తిరిగి తేలేదు. వాపు తగ్గాక ఎనిమిది వారాల పాటు రోజూ పళ్లు తోముకునేటప్పుడు కుడి కాలి మీదే నిలబడ్డాను. మొదటి రోజు పది లెక్కపెట్టేలోపే తూలి గోడ పట్టుకున్నాను. తరువాత గోడ పక్కనే నిలబడి కళ్లు మూసుకుని, ఆపై మడత పెట్టిన దుప్పటి మీద నిలబడి సాధన చేశాను. ఇప్పుడు ఇంట్లో బ్రేస్ తొడగడం మానేశాను. మంచుకు వెళ్లే రోజున మాత్రం అది సంచిలో మామూలు బూట్లతో పాటే ఉంటుంది, స్కీ బూట్లు విప్పగానే ముందు దాన్నే తొడుక్కుంటాను.

ఒకసారి చీలమండ బెణికినవారికి, వైద్యుడు ఎముక క్షేమమని చెప్పాక, ఈ రకం బ్రేస్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రక్తప్రసరణ లోపం గానీ, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గడం గానీ ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా కొనవద్దు, ఎందుకంటే బిగుతు ఎక్కువైనా వారికి తెలియకపోవచ్చు.