పడవ క్యాబిన్ చెక్కపై ఎపిఫానెస్ రబ్డ్ ఎఫెక్ట్ వార్నిష్: ఏడాదిన్నర తరువాత

పాత తెరచాప పడవ క్యాబిన్‌లోని టేకు, మహాగని చెక్కపనికి మళ్లీ వార్నిష్ వేసుకోవలసి వచ్చినప్పుడు, చివరి పూతకు నేను ఎపిఫానెస్ వారి రబ్డ్ ఎఫెక్ట్ వార్నిష్‌ను ఎంచుకున్నాను. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మేర్‌లో 1902లో మొదలైన ఈ సంస్థ పేరు వినగానే పడవలవాళ్లకు గుర్తొచ్చేది అద్దంలా మెరిసే బయటి వార్నిష్. ఇది దానికి తమ్ముడి వంటిది. మెరుపు తక్కువ, లోపలి చెక్కకు మాత్రమే పనికివస్తుంది. ఏడాదిన్నరగా రోజూ కళ్లెదుట పెట్టుకుని చూశాక చెబుతున్నాను: డబ్బా మీద చెప్పిన పనిని ఇది చక్కగా చేస్తుంది, అయితే దాని కింద మనం చేసిన పనిలో ఏ లోపం ఉన్నా దాన్ని అది కప్పిపెట్టదు.

క్యాబిన్ లోపల మెరుపు ఎందుకు తగ్గించాలన్నది ముందుగా చూడాలి. చిన్న గది, చిన్న కిటికీలు, తలకు దగ్గరగా వెలిగే దీపాలు. ఇలాంటి చోట నిగనిగలాడే వార్నిష్ వేస్తే కుంచె గీతలు, పాత సొట్టలు, అంటుకున్న ధూళి రేణువులు అన్నీ ఎత్తి చూపినట్టు కనిపిస్తాయి. పైగా ఎండ నేరుగా పడదు కనుక, బయట చెక్కకు ఎనిమిది పది పూతలు వేసినట్టు ఇక్కడ వేయనక్కరలేదు, మూడు నాలుగు సరిపోతాయి. మెరుపు తగ్గించడానికి ఇలాంటి వార్నిష్‌లలో అతి సన్నని పొడి కలుపుతారు. ఎండిన పొర మీద ఆ రేణువులు వెలుగును చెదరగొడతాయి. ఆ పొడి డబ్బా అడుగుకు దిగిపోతుంది. అందుకే బల్లపరుపు పుల్లతో అడుగు నుంచి పైకి తీస్తూ, తొందరపడకుండా కలపాలి. డబ్బాను కుదిపితే బుడగలు పుట్టి కుంచెతోపాటు చెక్క మీదికి వస్తాయి. అన్ని పూతలనూ దీనితోనే వేస్తే చెక్క గీతల మీద పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. కింద మెరిసే వార్నిష్‌తో పూతలు నిలబెట్టి, చివరిదాన్ని మాత్రమే దీనితో వేసినప్పుడు లోతు పోకుండా మెరుపు ఒక్కటే తగ్గింది. నాకు నచ్చిన గుణం ఇదే.

అసలు శ్రమంతా డబ్బా మూత తీయకముందే ఉంది. పాత వార్నిష్ ఎక్కడా లేవకుండా గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని పూర్తిగా ఒలిచేయడం అనవసరం; సబ్బునీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దితే కొత్త పూత పట్టుకుంటుంది. చాలా క్యాబిన్లలో గోడల్లా నిలబెట్టిన పలకలు ప్లైవుడ్‌వి; మనం టేకు అని మురిసిపోయే పైపొర మందం తరచుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ సంగతి తెలిసి కూడా, ఒక మూల దగ్గర యంత్రంతో రుద్దుతూ రెండు క్షణాలు ఎక్కువసేపు ఆపాను. నాణెమంత మేర టేకు పోయి, కింద ఉన్న పాలిపోయిన అడ్డపొర బయటపడింది. ఏ వార్నిష్ వేసినా అది మళ్లీ టేకు కాదు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు నా చూపు ముందు అక్కడికే పోతుంది. అప్పటినుంచి పలకల మీద యంత్రం ముట్టలేదు. గట్టి లోహపు అంచున్న చేతి స్క్రేపర్‌తో, చెక్క గీతల వెంబడే, తేలికగా లాగాను. వార్నిష్ పొడిగా రాలినంతసేపు పని సరిగా సాగుతున్నట్టు, చుట్టలుగా చెక్కే వస్తుంటే ఆపేయాలన్నట్టు.

రసాయనాలతో ఒలవడం గురించి రెండు మాటలు చెప్పాలి. పాత పూతలను కరిగించి ఊడదీసే, మెథిలీన్ క్లోరైడ్ అనే విష రసాయనం ఉన్న ద్రావణాలను మామూలు వినియోగదారులకు అమ్మడాన్ని అమెరికా 2019లోనే నిషేధించింది. మూసి ఉన్న క్యాబిన్‌లో ఇలాంటి ద్రావణాల ఆవిరి గాలికంటే బరువుగా ఉండి అడుగున చేరుతుంది. అక్కడే నీటి పంపులు, బ్యాటరీ తీగలు ఉంటాయి. మండే ద్రావణమైతే చిన్న నిప్పురవ్వ కూడా చాలు. కనుక తలుపులన్నీ తెరిచి, కరెంటు మెయిన్ ఆపి, ఆవిరులను వడగట్టే ముసుగు పెట్టుకుని పనిచేశాను.

కిటికీల కింద నీరు కారిన చోట నల్లటి మచ్చలు పడ్డాయి. వాటిని బూజు అనుకుని చాలాసేపు తోమాను, లాభం లేకపోయింది. అవి చెక్కలోని టానిన్ అనే కషాయ పదార్థం ఇనుపమేకుల తుప్పుతో కలిసి ఏర్పడే మరకలు, వాటికి ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణం తగిన మందు. వార్నిష్ పూర్తిగా తీసేసిన చెక్క మీద గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పూశాను. కాసేపటికే నలుపు బూడిద రంగుకు, తరువాత చెక్క రంగుకు తిరగడం కళ్లెదుట చూశాను. ఈ ఆమ్లం విషం. తడిగా ఉన్నప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. ఆరాక మిగిలే స్ఫటికాలను పొడి మీద రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే శుభ్రమైన నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బాగా ఆరనిచ్చాకే గరుకు కాగితం ముట్టుకున్నాను.

మొదటి పూత వేసిన రోజునే ఒక పలక మీద వార్నిష్ గుండ్రటి గుంటలుగా విడిపోయింది. ఎవరో ఎప్పుడో పూసిన ఫర్నిచర్ పాలిష్‌లోని సిలికోన్ చెక్కకు అంటుకుని ఉండడమే కారణం. తప్పు వార్నిష్‌ది కాదు. శుభ్రం చేయడంలో నా నిర్లక్ష్యం. పూతను తుడిచేసి, ద్రావణంలో ముంచిన గుడ్డను మాటిమాటికీ మారుస్తూ తుడిచాక గాని ఆ పలక దారికి రాలేదు. టేకుకు సహజంగానే నూనె ఎక్కువ కాబట్టి, పూతకు ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరీ ఆరగానే మొదటి పూత వేయడం మేలు.

మొదటి పూతను థిన్నర్‌తో సగానికి సగం పలుచన చేశాను, అది చెక్కలోకి ఇంకింది. తరువాతి పూతల్లో థిన్నర్ తగ్గిస్తూ పోయాను. పూతకూ పూతకూ మధ్య రాత్రంతా ఆరనిచ్చి, 320 నంబరు గరుకు కాగితంతో లేతగా రుద్ది, జిగురు గుడ్డతో ధూళి తీశాను. ఇదివరకు వేరే సంస్థవారి నీటి ఆధారిత వార్నిష్‌ను త్వరగా ఆరుతుందని వాడాను. ఆరిందయితే నిజమే, కానీ తేమ చేరే అంచుల వద్ద ప్లాస్టిక్ పొరలా లేచివచ్చింది. నూనె ఆధారిత వార్నిష్ నిదానం. దాని వాసన కొన్ని రోజుల పాటు క్యాబిన్‌ను వదలదు, ఆ రోజుల్లో లోపల పడుకోలేం. వార్నిష్ తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. నూనె గాలితో కలిసి వేడెక్కుతుంది, గుడ్డకు దానంతట అదే నిప్పంటుకుంటుంది; బయట విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

ఏడాదిన్నర వాడకంలో పలకలు, అరమర తలుపులు వేసినప్పటిలాగే ఉన్నాయి. తేడా వచ్చింది ఒక్కచోటే: మెట్ల పక్కన చేత్తో పట్టుకునే కమ్మీ మీద. రోజూ చేతులు రుద్దుకునే చోట మెరుపు తగ్గించే ఆ పైపొర నునుపెక్కి, చుట్టుపక్కల కంటే కాస్త మెరుస్తోంది. ఈ గుణం ఇలాంటి వార్నిష్‌లన్నిటిలోనూ ఉన్నదే కాబట్టి దీనికి మార్కులు తగ్గించలేదు. కమ్మీకి మాత్రం ఈసారి మెరిసే వార్నిష్‌నే ఉంచేస్తాను. వేడి గిన్నెలు పెట్టే బల్లకు, అడుగులు పడే నేలపలకకు దీన్ని ఎవరికీ సూచించను. మిగిలినదాన్ని సగం ఖాళీ అయిన డబ్బాలో వదిలేస్తే పైన మీగడ కడుతుంది. నేను చిన్న గాజు సీసాలో అంచుదాకా పోసి ఉంచాను. గీతలు పడ్డ చోట అద్దుకోవడానికి అందులోంచే తీసి, పలుచటి గుడ్డలో వడగట్టి వాడుతున్నాను.