మార్లవాయిలో దండారి రాత్రి

దీపావళికి గోండులు చేసుకునే దండారి పండగ చూద్దామని హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ వైపు దాదాపు 300 కిలోమీటర్లు హైవే మీద హాయిగా వెళ్లిపోయాం. గుడిహత్నూర్ దగ్గర తిరిగి, ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు చేరాకే తిప్పలు. లాడ్జివాళ్లు ఫోన్‌లో ఏసీ గది అన్నారు. తీరా చూస్తే ఏసీకి కరెంటు వైరే లేదు. వేడినీళ్ల బకెట్‌కు వేరే డబ్బులట. మళ్లీ వెళ్తే ఆదిలాబాద్‌లోనే దిగి, పొద్దున్నే కారు మాట్లాడుకుంటాను. తిండికి మాత్రం లోటు లేదు, జొన్నరొట్టె ఎక్కడైనా దొరికింది.

మార్లవాయి జైనూరు మండలంలో చిన్న గోండు గూడెం. గిరిజనుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమన్‌డార్ఫ్ దంపతులు 1940ల్లో ఇక్కడే ఉండి, పిల్లలకు గోండీలో చదువు చెప్పే టీచర్లను తయారుచేశారు. వాళ్ల సమాధులూ ఇక్కడే. దండారిలో ఆడే గుస్సాడీ ఆట నేర్పుతూ బతికిన కనకరాజుదీ ఈ ఊరే. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు.

చీకటి పడ్డాక పక్క ఊరి దండారి బృందం వచ్చింది. నెమలి ఈకల టోపీలు, ఒంటినిండా బూడిద, భుజాన తోలు, చేతిలో సోట అనే కర్ర, వీళ్లే గుస్సాడీలు. చుట్టాలొచ్చినట్టే కాళ్లకు నీళ్లిచ్చి పిలిచారు. దండారి ముగిసే కోలాబోడి దాకా గుస్సాడీలు స్నానం చెయ్యరు. టోపీని దేవుడిలా చూస్తారు, దాన్ని పట్టుకుని సెల్ఫీ అడక్కండి. మా వాళ్లలో ఒకరు అడిగారు, నాకు తలకొట్టేసినట్టయింది.

వరస చివర పదేళ్ల పిల్లాడొకడు తలకు తువ్వాలు చుట్టుకుని ఎగురుతున్నాడు. ఒక పెద్దాయన వచ్చి వాడి మడమ మీద కర్రతో మెల్లగా తట్టి గోండీలో ఏదో అన్నాడు. 'కాలు చూసుకోకు, డప్పు విను' అన్నాడని మా డ్రైవరు చెప్పాడు. పిల్లాడు బడిలో పంద్రాగస్టుకు ఇదే ఆడాడట, స్పీకర్లో పాట పెట్టి, ఐదు నిమిషాలు. బడిలో నేర్పకపోతే వాడు ఈ వరసలోకి వచ్చేవాడే కాదేమో. కానీ అక్కడ పాట ఆగితే ఆట అయిపోతుంది. ఇక్కడ డప్పులవాళ్లు అలిసిపోవాలి, వాళ్లు అలిసేలా కనిపించలేదు.

గుడిరేవులో గోండుల దేవత పద్మల్‌పురి కాకో గుడి కూడా చూశాం. గోదావరి ఒడ్డు, బోలెడు దండారీలు, కానీ తోపులాటలో ఆట సరిగా కనపడదు. ఒక్క రోజే ఉంటే గూడేనికే వెళ్లండి.

బయల్దేరే ముందు ఆ పిల్లాడు నా ఫోన్‌లో వీడియో అడిగాడు. మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. మూడుసార్లూ తన మడమే చూసుకున్నాడు.