సిసింగ్‌హర్స్ట్: పుట్టిల్లు దక్కని ప్రభువర్గపు ఆడపడుచు పెంచిన గులాబీలు

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఉన్న సిసింగ్‌హర్స్ట్ తోటను చూడదలచినవారు జూన్‌లోనే వెళ్లాలి. అక్కడి పాతకాలపు గులాబీలలో చాలావాటికి ఏడాదికి ఒక్క విడతే పూత. నోల్ మహాభవనంలో 1892లో పుట్టిన రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్, కేవలం ఆడపిల్ల అయినందున ఆ పుట్టింటికి వారసురాలు కాలేకపోయారు. 1930లో సిసింగ్‌హర్స్ట్‌లోని శిథిల కట్టడాన్ని కొని, భర్త హెరాల్డ్ నికల్సన్ గీసిన దారుల నడుమ, జనానికి అప్పటికే మోజు తీరిన పాత రకాలను పట్టుదలగా నింపారు. గులాబీల విషయంలో పొదుపు ఆమెకు తెలియదు, అదే ఈ తోట అందం.

నాకు అన్నిటికన్నా నచ్చింది తోటమాలుల పనితనం. పొడవాటి రెమ్మలను నిటారుగా పోనివ్వకుండా వంచి, నేలలో విల్లులా గుచ్చిన హేజల్ అనే చెట్టు బద్దలకు కట్టడం వల్ల, కొనకే పరిమితం కావలసిన పూలు కొమ్మ పొడవునా కణుపుకణుపుకూ విచ్చుకుంటాయి. ఇంట్లో మల్లెపందిరి అల్లిన చేతులకు ఈ కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. తెల్లపూల తోటలో నడిమి పందిరిని కమ్మిన ‘రోజా ములిగానీ’ అనే తీగ గులాబీ మాత్రం కాస్త ఆలస్యంగా, జూలై మొదట్లో పూస్తుంది. రెండింటి కోసమూ జూన్ చివరి వారమే మేలు.

1938లో ఒక్క షిల్లింగు రుసుముతో సందర్శకులకు తెరిచిన ఈ తోట 1967 నుంచి చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆధీనంలో ఉంది. గంటలో చుట్టి రావచ్చుననే లెక్కతో మాత్రం వెళ్లకండి.