మెగ్వైర్స్ ఎం205 పాలిష్: పనితనం బాగుంది, మరి ఎన్నాళ్లకోసారి?

కారు సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ 'రబ్బింగ్, పాలిషింగ్ కూడా చేసేద్దాం సార్' అంటారు. ఒప్పుకోకండి. కంపెనీ పెయింట్ మందం చాలా కార్లకు 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. అందులో రంగు మీద పారదర్శకంగా ఉండే పై పొర, క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లే. మెషీన్ పెట్టిన ప్రతిసారీ అరిగేది ఆ పొరే, ఎండని ఆపేదీ అదే. బాగా పలచబడితే కొన్నేళ్లకు టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొట్టు లేస్తుంది. మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దానికి మందు లేదు.

మెగ్వైర్స్ కంపెనీ సన్నరకం పాలిష్ ఎం205 మాకు నచ్చింది అందుకే. డీఏ (డ్యూయల్ యాక్షన్, అంటే తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) మెషీన్, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో వాడితే ఒక విడతకి పోయేది సుమారు 1, 2 మైక్రాన్లే. ముతక కాంపౌండ్, ఉన్ని ప్యాడ్ వాడితే అంతకంటే ఎక్కువే పోతుంది. ఇది తొందరగా ఆరదు, పొడి పెద్దగా రాలదు, కొత్తవాళ్లకీ చెయ్యి కుదురుతుంది. గోరు తగిలేంత లోతు గీతలు మాత్రం దీనితో పోవు, వాటి జోలికెళ్లొద్దు.

బండి కడిగి, క్లే బార్‌తో (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) రుద్ది, నీడలో బానెట్ చల్లారాకే మొదలుపెట్టాలి. మే నెల ఎండలో వేడి రేకు మీద ఏ పాలిషైనా అంటుకుపోతుంది. అంచులకు, ప్లాస్టిక్‌కు మాస్కింగ్ టేప్ వేయండి, అంచుల దగ్గర పొర పలచన. ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగు వేసి, రెండడుగుల చదరంలో, స్పీడ్ 4 లేదా 5 మీద, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చొప్పున నాలుగైదు సార్లు నెమ్మదిగా నడపాలి. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అతికించే పళ్లెం) అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. ఆ గీత తిరగడం ఆగిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, మెషీన్ ఊరికే వణుకుతోంది, గీతలు పోవు.

దీనిలో ఒక లోటుంది: జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డే సన్న గీతలను కప్పేసి పని అయిపోయినట్టు చూపిస్తుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడిచి, ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా గీతలు మళ్లీ తేలితే ఇంకో విడత. మెరిసిన బండి రెండు వాషింగ్‌లకే పాతబడిందంటే, గీతలు తీయకుండా జిడ్డుతో కప్పి ఇచ్చారనే అనుకోవాలి.

ఇక ఎన్నాళ్లకంటే, రోజూ బయటే ఉండే బండికి ఏడాదిన్నర, రెండేళ్లకోసారి. షెడ్డులో ఉండేదానికి మూడేళ్లు దాటినా పర్లేదు. టార్చ్ వెలుగులో గీతలు లేకపోతే వ్యాక్స్ చాలు. అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిపించడం మానిస్తే ఆ గడువు ఇంకా పెరుగుతుంది. సన్న గీతల్లో ఎక్కువ భాగం ఆ గుడ్డవే.